కడబూర మోగేదాకా గ్యారంటీ

మా ఆయన బాలశౌరి వీధిలో కనబడగానే విజయవాడ వన్ టౌన్‌లో మనుషులు వంకరగా నిలబడతారు. ఒకాయన భుజం వాలుస్తాడు, ఇంకొకాయన మోకాళ్ళు మడుస్తాడు, ఎదురుగా ఉన్న బియ్యం కొట్టాయనైతే చటుక్కున బస్తా మీద కూర్చుండిపోతాడు. ఎందుకంటే మా ఆయన శవపెట్టెలు చేస్తారు. ఎదుటి మనిషిని చూస్తే చాలు, ఆయన కళ్ళు తల దగ్గర మొదలై పాదాల దాకా దిగుతాయి. పాపం, కొలవాలని కాదు, ఆ కళ్ళకి అదే అలవాటు. పెళ్ళిచూపుల్లో నన్నూ అలాగే చూశారు. చూసి, పక్కనున్న వాళ్ళ నాన్నతో "అయిదడుగుల రెండు" అన్నారు. నేను సిగ్గుపడ్డాను కూడా! ఏం చెప్పను నా తెలివి.

మా మామగారి నాటి నుంచీ అదే కొట్టు, అదే పని. పేటలో ఎవరింట్లో కష్టం జరిగినా ముందు మా తలుపే తడతారు. ఆ కష్టం గట్టెక్కాక మళ్ళీ మా వైపు చూడరు. ఇక జబ్బు మనిషిని పలకరించడానికి వెళ్ళామా, ఆ ముచ్చటే వేరు. మా పిన్ని సంపూర్ణమ్మ నడుం నొప్పని చెప్పి నెలల తరబడి మంచం దిగలేదు. కోడలు చాకిరీ చేయలేక సగమైపోయింది. ఓ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మా ఆయన బత్తాయిలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఎలా ఉన్నారు అత్తయ్యగారూ?" అన్నారు. అంతే! ఆవిడ లేచింది, చీర సర్దుకుంది, వంటింట్లోకి వెళ్ళి మా ఇద్దరికీ కాఫీ పెట్టింది. ఆ సంగతి పొక్కాక పేటలో కోడళ్ళు చాటుగా నా దగ్గరికొచ్చి, "వదినా, అన్నయ్యగారిని ఓసారి మా అత్తగారిని కూడా చూసెళ్ళమనవా" అని అడగడం మొదలుపెట్టారు.

నేను ఇవన్నీ చెప్పుకుని నవ్వేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. మనం ఎవరింటి నుంచి బయల్దేరినా "వెళ్ళొస్తాం" అంటాం, వాళ్ళు "మళ్ళీ రండి" అంటారు. మా కొట్టు నుంచి వెళ్ళేవాళ్ళు ఆ మాట అనరు. శవపెట్టెల కొట్టుకి మళ్ళీ వస్తామని ఎవరంటారండీ! మా ఆయనా "రండి" అనకూడదు. వాళ్ళు తల వంచుకుని వెళ్ళిపోతారు, ఈయన తల వంచుకుని నిలబడతారు.

"తెరేసా, బతికున్న మనిషి పడుకునేది ఒక్కటంటే ఒక్కటి చేసి అమ్మాలే. ఆ కొన్నవాళ్ళు 'వెళ్ళొస్తానండీ' అంటే విని పోవాలి" అన్నారొకసారి. పోయే మాట ఎత్తినందుకు కేకలేశాను.

రెండు వేల ఆరులో మంచం చేశారు. మంచి టేకు, తలవైపు ద్రాక్షగుత్తులు చెక్కారు. కొట్టు ముందు పెట్టుకుని, తుడుచుకుని, స్టూలేసుకుని కూర్చున్నారు. ఒకాయన ఆగి, "ఇది ఏ సైజు మనిషికండీ?" అన్నాడు. ఇంకొకాయన చుట్టూ తిరిగి చూసి, "మూత విడిగా ఇస్తారా?" అని అడిగాడు. మా ఆయన మొహం మాడిపోయింది. నాకు ఒళ్ళు మండి, "ఇస్తాం, ముందు మీ నోటికి వేసుకోండి" అన్నాను.

అప్పుడు దిగాడు నాగబాబు. మా మేడ మీద గదిలో అద్దెకుండేవాడు. బందరు దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. ఇతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. అందుకని కంప్యూటర్లు నేర్చుకుని, బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న ఆఫీసు పెట్టి, కొట్లవాళ్ళకి వెబ్‌సైట్లు చేసిపెట్టి, ఇంటర్నెట్లో ప్రకటనలు వేయించేవాడు.

"బాబాయిగారూ, లోపం మీ పనిలో లేదు, పేటలో ఉంది. ఇక్కడ మీరెవరో అందరికీ తెలుసు. ఇంటర్నెట్లో మీరెవరో ఎవడికీ తెలీదు" అన్నాడు.

"ఎవరికీ తెలీదా?"

"ఒక్కడికీ తెలీదండి."

ఇంత మంచి చోటు ఒకటుందని మా ఆయనకి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రమే మేడెక్కి కంప్యూటర్ పక్కన కుర్చీ వేసుకున్నారు.

"ఎవడికైనా మంచం కావాలనుకోండి" అని మొదలెట్టాడు నాగబాబు. "ఇందులో 'టేకు మంచం, విజయవాడ' అని కొట్టి వెతుకుతాడు. బోల్డన్ని పేర్లొస్తాయి. మన పేరు ఎక్కడో అడుగున ఉంటుంది, అంత లోతుకి ఎవడూ దిగడు. అందుకని డబ్బు కట్టి మన ప్రకటనని పైకి తేలుస్తాం. అయితే వాడు ఏ మాట కొడతాడో మనం ముందే కనిపెట్టి పెట్టుకోవాలి. ఆ మాటే ఎర. చూసినందుకు మనకి ఖర్చు లేదు, ప్రకటనని నొక్కితేనే ఖర్చు."

"న్యాయమైన బేరమే" అన్నారు మా ఆయన.

"అయితే మీ సరుకు గొప్పేంటో చెప్పండి."

"చెద పట్టదు. నీళ్ళు దిగవు. ఎన్నేళ్ళు మట్టిలో ఉన్నా చెక్కుచెదరదు."

"మంచాన్ని మట్టిలో ఎందుకు పెడతారు బాబాయిగారూ?"

మా ఆయన నాలిక్కరుచుకున్నారు. ఏం చేస్తారు, నోరు కూడా కళ్ళ లాంటిదే.

"పోనీ, వాడినవాళ్ళు ఏమంటున్నారో ఒక ముక్క రాద్దాం" అన్నాడు నాగబాబు.

"మన సరుకులో పడుకున్నవాళ్ళెవరూ ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు" అన్నారు మా ఆయన, నిజాయితీగా. నాగబాబు అదీ కొట్టుకున్నాడు.

"గ్యారంటీ ఎన్నేళ్ళు?"

"కడబూర మోగేదాకా!"

అది మా మామగారి మాట. పెట్టె మూత బిగించి, మీద చెయ్యి వేసి అలా అనేవారు. నాగబాబు కనకదుర్గమ్మ భక్తుడు, వాడికి మా కడబూర సంగతి ఏం తెలుసు? ఏ ఫ్యాక్టరీ సైరనో అనుకున్నాడట, టకటకా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేశాడు. చివర్లో "మళ్ళీ మళ్ళీ రండి" అని పెట్టబోతే మాత్రం మా ఆయన వాడి చెయ్యి పట్టుకున్నారు.

"అది వద్దు నాయనా."

"మంచాలకేగా బాబాయిగారూ!"

"వద్దంటున్నానా! ఎవరన్నా 'వస్తాం' అంటే కదా మనం 'రండి' అనడం."

ప్రకటన వెళ్ళింది. ఆ వారమంతా జనం తెగ నొక్కారు. నాగబాబు పొంగిపోయాడు. తీరా ఆరా తీస్తే నొక్కింది మేమే! మా ఆయన పొద్దునా సాయంత్రం మేడెక్కి, తన కొట్టు పేరు చూసుకుని మురిసిపోయి, ఒక నొక్కు నొక్కి దిగేవారు. నేను అన్నం పిలుపుకి వెళ్ళినప్పుడల్లా నొక్కేదాన్ని. గుంటూరులో మా చెల్లెలు హెలెన్ అయితే, బావగారికి అచ్చిరావాలని ప్రార్థన చేసి మరీ ఆఫీసులో నొక్కేది.

"ఎర మనమే తినేస్తే చేపలకేం మిగుల్తుంది పిన్నిగారూ!" అని నాగబాబు నెత్తి కొట్టుకున్నాడు.

మానేశాం. మేం మానేశాక ఇంకెవరూ నొక్కలేదు. నాగబాబు మెట్లు దిగుతుంటే మా ఆయన ఆశగా తలెత్తేవారు, అతను తల అడ్డంగా ఊపేవాడు. ఒకరోజు మంచం మీద దుమ్ము తుడుస్తూ, "ఇంటర్నెట్లో కూడా తెలిసిపోయిందేమో నాగబాబూ" అన్నారు. ఆ మాటకి ఆ వాగుడుకాయ కూడా ఓ గుడ్డ అందుకుని రెండోవైపు దుమ్ము తుడిచాడు.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"పామర్రు నుంచండి, రాజ్యలక్ష్మిని. మా తమ్ముడు వాళ్ళ ఆఫీసు కంప్యూటర్లో చూశాడు. ఆ బూర గ్యారంటీ మంచం మీదేనా? రేపు వస్తున్నా" అని ఠపీమని పెట్టేసిందొకావిడ.

ఇంక చూసుకోండి మా అవస్థ! కొట్టునిండా పెట్టెలే. రెండింటిని గోడకి నిలబెట్టి, పరదా కట్టి, బీరువాలన్నాం. బోర్డు మీద నా పాత చీర ఆరేశాం. అన్నిట్లోకీ పెద్దది మాత్రం నడిమధ్యన ఉండిపోయింది, ముగ్గురం తోసినా కదల్లేదు. దాని మీద పూల దుప్పటి పరిచి, మీద నీళ్ళ చెంబు పెట్టి బల్లన్నాం. నాగబాబు ఆఫీసుకి తాళం వేసి, చొక్కా టక్ చేసుకుని, సేల్స్‌మన్‌లా నిలబడ్డాడు.

రాజ్యలక్ష్మిగారు ఆటో దిగారు. తెల్లటి జుట్టు, తాటిచెట్టంత పొడుగు. నుదుట బొట్టు లేదు, నోట మొహమాటం లేదు.

"మీ అడ్రసు చెప్పగానే ఆటో అబ్బాయి 'పోయిందెవరమ్మా?' అన్నాడేంటండీ? పిచ్చివాడిలా ఉన్నాడు" అంటూనే లోపలికొచ్చి, చెప్పులు విడిచి, మంచమెక్కి పడుకున్నారు. ఇటు దొర్లారు, అటు దొర్లారు. "మా ఇంట్లో నవారు మంచం ఉయ్యాలైపోయిందండీ. పొద్దున్నే నన్ను లేపాలంటే ఇద్దరు లాగాలి. ఇది బాగుంది" అని హాయిగా కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు ముయ్యకండమ్మా! తెరిచే ఉంచండి!" అని మా ఆయన పెద్ద కేక పెట్టారు.

ఆవిడ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నాగబాబు సర్దబోయి, "అదేనండీ, మంచం డిజైను కనబడాలి కదండీ" అని ఏదో అన్నాడు. నేను గబగబా కాఫీ తెచ్చాను. ఆవిడ కాఫీ పుచ్చుకుని, కుర్చీ ఉండగా కుర్చీలో కూర్చోవచ్చు కదా! వెళ్ళి సరిగ్గా ఆ పూల దుప్పటి మీద కూర్చుంది.

"అన్నట్టు, కడబూరంటే ఏంటండీ? మా తమ్ముడికీ తెలీలేదు" అంది.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "లోకం చివర్న దేవదూత బూర ఊదుతాడండి. అప్పుడు చనిపోయినవాళ్ళందరూ లేస్తారు. అందాకా గ్యారంటీ."

"అబ్బో! ఫ్యానుకి ఏడాది ఇవ్వడానికే ఏడుస్తున్నారు ఈ రోజుల్లో. మరి అందాకా మీవాళ్ళంతా ఎందులో పడుకుంటారండీ?"

నాగబాబుకి దగ్గొచ్చింది. నేను నిండిన గ్లాసులోనే ఇంకాస్త కాఫీ పోశాను. మా ఆయనకి అబద్ధం రాదు. నేల చూపులు చూస్తూ, "మీరు కూర్చున్నారు చూడండమ్మా, అలాంటి దాంట్లోనండి" అనేశారు.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. దుప్పటి అంచు ఎత్తి చూసింది. మూత మీద చెక్కిన సిలువ మెరిసింది. నేను లోపల్లోపల మరియతల్లిని తలుచుకున్నాను. మా ఆయన అప్పటికే తల వంచేసుకున్నారు, వెళ్ళిపోయేవాళ్ళ ముందు ఎప్పుడూ నిలబడేటట్టే.

"మంచాలది వేరే చెక్కండీ" అని నాగబాబు నసిగాడు.

"నువ్వుండవయ్యా" అని ఆవిడ పెట్టె మీద వేళ్ళతో కొట్టి చూసి, ఫక్కున నవ్వింది. "ఇందుకా ఆటో అబ్బాయి అలా అడిగాడు! ఏవండీ, మిమ్మల్ని చూసి జనం తప్పుకుంటారా?"

"తప్పుకుంటారమ్మా."

"మా ఊళ్ళో నన్ను చూసి తప్పుకుంటారు. మా ఆయన పోయిన దగ్గర్నుంచీ నేను ఎదురొస్తే అపశకునమట. ఊరెళ్ళేవాళ్ళు ఇంటికెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఒకరోజు ఒళ్ళు మండి బస్సుకి ఎదురుగా అటూ ఇటూ నడిచాను. ఎక్కినవాళ్ళందరూ దిగారు, ఆనక కండక్టరు నన్ను బతిమాలుకున్నాడు. మనిద్దరం కలిసి మీ బజార్లో నిలబడితే వన్ టౌన్ మూసేసుకోవాలండీ!"

మా ఆయన తలెత్తి చూశారు. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వుతూనే లేచి, గోడకి ఆనకుండా, మా ఆయన ఎదురుగా నిటారుగా నిలబడింది.

"ఆ మంచం నాకు పొట్టి. పాదాలు బయటికొస్తున్నాయి. నా కొలతకి ఇంకోటి చెయ్యండి. ఊఁ, చూస్తారేం? కొలవండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన ముందు ఒక మనిషి అలా నిలబడటం నేను చూడలేదు. ఆయన టేపు తీశారు. తల దగ్గర పట్టి పాదం దాకా వంగారు. చూపుతోనే అంగుళం తేడా లేకుండా చెప్పగల మనిషి, టేపుని రెండుసార్లు చూసుకున్నారు.

"అయిదడుగుల ఎనిమిదమ్మా."

"సరిగ్గా చూశారా? ముసలితనానికి కుంగానేమో."

"లేదమ్మా. ఎక్కడా వంగలేదు."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో మీరేదైనా అనుకోండి, నాకు రెండూ వచ్చాయి. ఆవిడ అడ్వాన్సు ఇచ్చి, చెప్పులేసుకుని, ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తానండీ!"

మా ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. ఎప్పుడన్నా అంటే కదా వచ్చేది! "చెప్పండీ, నోట్లో ముల్లు గుచ్చుకుందా?" అని నేను నడుం మీద పొడిచాను. ఈలోగా ఆటో కదిలిపోయింది. అప్పుడు పరిగెత్తారు మా ఆయన. పంచె ఎగ్గట్టి, చేతిలో టేపు వేలాడుతుండగా, తోపుడుబళ్ళని తప్పించుకుంటూ, ఆటో వెనకాల నడిబజార్లో అరుస్తూ పరిగెత్తారు.

"మళ్ళీ రండమ్మా! మళ్ళీ రండి! తప్పకుండా రండి!"

శవపెట్టెల బాలశౌరి ఒక మనిషి వెంటపడి మళ్ళీ రమ్మంటుంటే బజారు హడలిపోయింది. పూలమ్మే మణెమ్మ బుట్ట వదిలేసి సిలువ గుర్తు వేసుకుంది. బియ్యం కొట్టాయన సగానికి షట్టర్ దించేసి దాని వెనక దాక్కున్నాడు. ఆటోలోంచి తెల్లటి తల ఒకటి బయటికొచ్చింది.

"వస్తానన్నాగా! మంచం సిద్ధంగా ఉంచండి!"

ఆటో మలుపు తిరిగింది. మా ఆయన రొప్పుతూ వచ్చి, సగం దించిన షట్టర్ కింద నుంచి బియ్యం కొట్టాయన మొహంలోకి వంగి చూశారు.

"విన్నారా? మళ్ళీ వస్తానన్నారావిడ."