యాభై రెండు ముద్రలు

ఎదురుగా ఉన్నప్పుడు అందరూ ఆవిడని మేడమ్ గారనే అంటారు. అలా గుమ్మం దాటి వెళ్ళిందో లేదో ముద్రమ్మ అయిపోతుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఒకసారి ఫోను పెట్టేయడం మరిచిపోయిన హెడ్మాస్టరొకాయన "ముద్రమ్మ వస్తోందట, బోర్డులు తుడిపించండి" అని కేకేయడం ఆవిడ చెవులారా విన్నది. వెళ్ళాక ఆయన్ని ఒక్క మాటా అనలేదు. బోర్డు మీద మాత్రం వేలితో రాసి చూసింది.

బిషప్ గారి డయోసిస్ కింద ఉన్న ఇరవై మూడు బళ్ళూ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. చేతిలో ఉన్నాయంటే దర్జాగా అధికారం చెలాయిస్తోందనుకునేరు. ఎక్కడ టీచరు మానేసినా, ఎక్కడ కప్పు కారినా, ఎక్కడ ఇద్దరు పంతులమ్మలు ఒకే కుర్చీ కోసం కొట్టుకున్నా ఆవిడకే ఫోను. ఆఫీసు మేడ మీద రెండు గదులు. ఒకదాని నిండా బీరువాలు. రెండో దాంట్లో ఆవిడ, హెడ్ క్లర్కు, కాలు కింద మడత కాగితం పెడితే తప్ప నిలవని బల్ల ఒకటి. కిటికీలోంచి చూస్తే పెద్ద చర్చి కప్పు కనిపిస్తుంది.

ఈ ఉద్యోగంలోకి రాకముందు ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పింది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? బడికి వెళితే హెడ్మాస్టరు గదిలో కాఫీ తాగదు. నేరుగా ఏదో ఒక క్లాసులోకి వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చుంటుంది. పీరియడ్ మొత్తం కదలదు. బడి ఎలా ఉందో చివరి బెంచీకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. ఏ రోజు ఏ బడికి వెళుతుందో హెడ్ క్లర్కుకి కూడా చెప్పదు. హెడ్మాస్టర్లకి ఆవిడతో తల ప్రాణం తోకకొస్తుంది.

ఇక ముద్ర సంగతి. పదకొండేళ్ళ కిందట ఆవిడ ఈ కుర్చీలోకి వచ్చేనాటికి రైలు గేటు దగ్గరున్న పెద్ద బడిలో సీటు కావాలంటే ఎవరో ఒకరి కాళ్ళు పట్టుకోవాలి. ఒకటో తరగతిలో చర్చి సంఘం పిల్లలకని ముప్పై సీట్లున్నాయి. ఆ ముప్పైకీ చర్చి పాస్టరు అయ్యగారి ఉత్తరం, కమిటీ మెంబరు ఫోను, బిషప్ గారి డ్రైవరు బావమరిది సిఫారసు. ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. ఇంటికో కార్డు అచ్చు వేయించింది. ఒక్కో కార్డు మీద యాభై రెండు గళ్ళు, ఒక్కో గడిలో ఒక ఆదివారం తేదీ. చర్చికొస్తే ఊదారంగు ముద్ర పడుతుంది, రాకపోతే పడదు. నలభై ముద్రలుంటేనే దరఖాస్తు. సీట్లకన్నా ఎక్కువ మంది ఉంటే ఎక్కువ ముద్రలున్నవాళ్ళకి ముందు సీటు. ఉత్తరాల్లేవు, ఫోన్లు లేవు, బావమరుదులు లేరు. అప్పటి బిషప్ గారు మెచ్చుకున్నారు. ఆవిడా మెచ్చుకుంది, తనని తనే.

ఆ తర్వాత ఏటా హెడ్ క్లర్కు ముద్రలు లెక్కపెట్టి జాబితా తయారు చేయడం, ఆవిడ సంతకం పెట్టడం. పదకొండేళ్ళలో కార్డు ఒక్కటైనా విప్పి చూసింది లేదు. ఇరవై మూడు బళ్ళలో చివరి బెంచీల మీద కూర్చున్న మనిషి, తన సొంత నియమం దగ్గర మాత్రం హెడ్మాస్టరు గదిలోనే కాఫీ తాగుతూ ఉండిపోయింది.

ఈ ఏడు జాబితా ఇంకా తయారవుతుండగా ఒక మధ్యాహ్నం ఒకామె మేడెక్కి వచ్చింది. ఆస్పత్రిలో వార్డులు తుడిచే మనిషి. డ్యూటీ చీరతోనే వచ్చింది, చేతులు ఫినాయిల్ వాసన. ఐదేళ్ళ కూతురికి పెద్ద బడిలో సీటు కావాలి. ఇల్లు ఆ బడి వెనక వీధిలోనే. కార్డు తీసి బల్ల మీద పెట్టింది. హెడ్ క్లర్కు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. నలభై లేకపోతే దరఖాస్తు తీసుకోవడానికి కూడా వీల్లేదని, నియమం నియమమేనని చెప్పాడు.

ఆమె బతిమాలలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. తనకి ఆదివారం విడిచి ఆదివారం డ్యూటీ పడుతుందని, మనిషి తక్కువైతే వరసగా కూడా పడుతుందని చెప్పి, మేడమ్ వైపు తిరిగింది.

"మన అయ్యగారు హెర్నియా ఆపరేషన్ చేయించుకుని రెండు ఆదివారాలు మా వార్డులోనే ఉన్నారమ్మా. ఆయన మంచం కింద తుడిచింది నేనే. ఆ రెండు ఆదివారాలూ నా కార్డు మీద ముద్ర లేదు. చూడండి, ఖాళీగా ఉన్నాయి."

ఆ రెండు గళ్ళ మీదా ఆమె వేలు పెట్టి చూపించింది. హెడ్ క్లర్కు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

మేడమ్ కి ఆ క్షణంలో ఆ పిల్లకి సీటిచ్చేయాలనిపించింది. కలం తీసి నాలుగు ముక్కలు రాస్తే పని అయిపోతుంది. కానీ ఆ నాలుగు ముక్కలు రాసే అలవాటుని మాన్పించడానికే కదా పదకొండేళ్ళు ఇన్ని తిట్లు తిన్నది. ఇవాళ జాలిపడి ఈమెకి రాస్తే, రేపు మొహమాటపడి ఇంకొకరికి రాయాలి.

"నీ ఒక్కదాని కోసం నియమం తప్పించలేనమ్మా" అన్నది. "నియమమే తప్పయితే దాన్ని మారుస్తాను. జాబితాకింకా పద్దెనిమిది రోజులుంది. కార్డు నా దగ్గర వదిలి వెళ్ళు."

ఆమె మాట నమ్మినట్టు కనిపించలేదు. కార్డు మాత్రం వదిలి, డ్యూటీకి వేళైందని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ ఆ ఏటి కార్డులన్నీ బల్ల మీద పరిపించింది. అరవై నాలుగు. ఒక్కొక్కటీ విప్పి చూస్తుంటే అన్నిటికన్నా పైన ఉన్న కార్డు, యాభై రెండుకి యాభై రెండు ముద్రలున్న కార్డు, తన కొడుకు ఇంటిదని తెలిసింది. మనవరాలికి ఈ ఏడే ఒకటో తరగతి. మొదట ఆవిడకి గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ లెక్కలు చెప్పిన కళ్ళు ఊరుకుంటాయా? వానల నెలలో రెండో ఆదివారం దగ్గర ఆగిపోయాయి.

ఆ ఆదివారం మనవరాలికి గవదబిళ్ళలు. కొడుకూ కోడలూ ఊరవతల పెళ్ళికి వెళితే పిల్ల తన దగ్గరే ఉంది. ఉబ్బిన బుగ్గలతో నోరు తెరవలేకపోతుంటే పొద్దుటి నుంచి చెంచాతో పాలు పట్టింది తనే. ఆ ఇంటి నుంచి ఆ రోజు చర్చికి పురుగు కూడా వెళ్ళలేదు. గడిలో మాత్రం ముద్ర నిండుగా, గుండ్రంగా, ఊదారంగులో మెరుస్తోంది.

మర్నాడు పొద్దున్నే కోడల్ని అడిగింది. కోడలు దాచలేదు. ముద్రలు వేసే సంఘ పెద్ద దగ్గరే కార్డు ఉంచేశామని, వెళ్ళినా వెళ్ళకపోయినా ఆయనే వేసేస్తాడని చెప్పింది. ఆయన్ని అడిగితే ఇంకా తేలిగ్గా తేల్చేశాడు.

"మీ ఇంటి కార్డుకి నేను లెక్క చూడాలా అమ్మా? ముద్ర పెట్టిందే మీరు కదా."

ఆయన గౌరవంగానే అన్నాడు. ఆవిడకి చెంప మీద కొట్టినట్టయింది. బావమరుదులు లేకుండా చేశానని పదకొండేళ్ళుగా విర్రవీగింది. చివరికి తన ఇంట్లోనే ఒక బావమరిది తయారయ్యాడు.

అప్పుడు ఆవిడ బళ్ళలో చేసే పనే చర్చిలో చేసింది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి ఆ ఆదివారం చివరి బల్ల మీద కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే అది వేరే చర్చి. ప్రసంగం సగమయ్యేదాకా జనం వస్తూనే ఉన్నారు. గుమ్మం పక్క ముద్ర బల్ల దగ్గర ఒక పిల్ల ఐదు ఇళ్ళ కార్డులు పట్టుకుని నిలబడింది. అయ్యగారు చివరి ప్రార్థన మొదలుపెట్టి కళ్ళు మూసుకున్నారో లేదో, సగం చర్చి చెప్పుల కోసం తడుముకోవడం మొదలెట్టింది. ఆయన ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి గుమ్మం దగ్గర క్యూ. ఆ క్యూకి కారణం తనే. ఆవిడకి సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే పట్టుదల పుట్టింది.

బళ్ళ కమిటీని పిలవమని బిషప్ గారికి ఉత్తరం రాసింది. ఆ కబురు ఇంట్లోనూ పాకింది. కొడుకు వచ్చి మంచిమాటగానే చెప్పాడు. కార్డులు తీసేసి దగ్గరి ఇళ్ళకి ముందు సీటిస్తే పెద్ద బడికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న తమకి సీటు రాదు. పాప తమ ఇంటి దగ్గర పొలాల మధ్య గొల్లభామలు ఎగిరే చిన్న బడికి పోవాలి. అక్కడ చదువు ఏపాటిదో అమ్మకే బాగా తెలుసు. ఈ ఒక్క ఏడాదీ ఆగి వచ్చే ఏడు మార్చితే ఎవరికి నష్టం?

"నా కింద ఇరవై మూడు బళ్ళున్నాయిరా" అన్నది ఆవిడ. "అందులో నా మనవరాలు చదవడానికి పనికిరానిది ఒకటుంటే తప్పు నాది. దాన్ని బాగుచేయాలి గానీ, దాన్నుంచి మన పిల్లని తప్పించి ఇంకొకళ్ళ పిల్లని పంపిస్తానా?"

కొడుకు లేచి వెళ్ళిపోయాడు. కోడలు నాలుగు రోజులు ఫోను చేయలేదు. ఆవిడకి బాధ లేదనుకోకండి. మనవరాలి గొంతు వినకుండా నాలుగు రోజులంటే ఆవిడకి నాలుగేళ్ళు. అయినా పట్టిన పట్టు విడవలేదు.

కమిటీలో తొమ్మిది మంది. బిషప్ గారు బల్లకి తలవైపున, ఆయన పక్కన పెద్ద చర్చి అయ్యగారు. అయ్యగారు చెడ్డ మనిషి కాదు. ఆయన వచ్చాక చర్చి నిండింది, అది తన ప్రసంగం వల్లే నిండిందని ఆయన నమ్మకం. కార్డులు తీసేస్తే బల్లలు ఖాళీ అయిపోతాయని ఆయన ఒంటికాలి మీద లేచారు.

"ఇప్పుడూ ఖాళీగానే ఉన్నాయి అయ్యగారూ" అన్నదావిడ. "మనుషులు కూర్చున్నారు, అంతే."

రెండు కార్డులు తీసి, పేర్లున్న వైపు కిందకి పెట్టి, బల్ల మధ్యకి జరిపింది. వీటిలో ఏ ఇంటి పిల్లకి సీటివ్వాలో చెప్పమంది. తొమ్మిది మందీ ఒకే కార్డు చూపించారు. చూపించరా మరి? ఒకటి నిండా ఊదారంగు, ఇంకొకటి సగం తెలుపు.

అప్పుడు నిండు కార్డు తిప్పి తన కొడుకు పేరు చూపించింది. గవదబిళ్ళల ఆదివారం, చెంచా పాలు, సంఘ పెద్ద అన్న మాట, ఏదీ దాచకుండా కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. నియమం పెట్టింది తనేననీ, దాన్ని పదకొండేళ్ళు విప్పి చూడని తప్పు కూడా తనదేననీ చెప్పింది. ఒకరిద్దరు ఏదో సర్దిచెప్పబోయారు గానీ, ఆవిడ అప్పటికే రెండో కార్డు అందుకుంది.

ఆ ఖాళీ గళ్ళలో రెండింటి తేదీలు చదివింది. ఆ రెండు ఆదివారాలూ ఈమె ఆస్పత్రిలో వార్డు తుడుస్తోందని చెప్పి, తమరెక్కడున్నారో గుర్తుందా అని అయ్యగార్ని అడిగింది. ఆయన మొదట అర్థం కానట్టు చూశారు. ఆ తర్వాత కళ్ళజోడు తీశారు. కార్డు దగ్గరికి లాక్కుని తిప్పి ఆ పేరు చదివారు.

"బకెట్టు చప్పుడు కాకుండా కింద పెట్టేది" అన్నారు చివరికి. "నాకు నిద్రాభంగం అవుతుందని. నేను పేరు కూడా అడగలేదు."

ఇంకెవరూ వాదించలేదు. దాని బదులు ఏం పెడతారని బిషప్ గారు అడిగారు. సంఘం పిల్లల్లో బడికి నడిచి రాగలిగే దూరంలో ఉన్నవాళ్ళకి ముందు, మిగిలిన సీట్లకి అందరి ఎదుటా చీటీలు అని ఆవిడ కాగితం ముందే రాసి తెచ్చింది. దాన్ని బలపరుస్తూ మొదట చెయ్యెత్తింది అయ్యగారే.

వార్డు తుడిచే ఆమె కూతురి పేరు జాబితాలో ఏడోదిగా వచ్చింది. హెడ్ క్లర్కు స్వయంగా ఆస్పత్రికి వెళ్ళి చెబితే, చేర్పించే రోజు ఆదివారం కాదు కదా అని అడిగిందట. మిగిలిన నాలుగు సీట్లకి చీటీలు తీశారు. మనవరాలి పేరు రాలేదు.

కార్డుల్లేని మొదటి ఆదివారం చర్చిలో సగానికి సగం బల్లలు బోసిపోయాయి. చివరి బల్ల మీద కూర్చున్న ఆవిడకి ఆ ఖాళీలన్నీ తననే చూస్తున్నట్టనిపించింది. అయ్యగారు కూడా ఒకసారి చూశారు. తప్పు చేశానా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. చివరి ప్రార్థన మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు, దేవుడు క్షమించాలి, చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఒక్కరూ లేవలేదు.

బళ్ళు తెరిచిన రోజు మనవరాల్ని గొల్లభామల బడికి ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. కోడలు జడలు వేసి పంపింది, మాట మాత్రం పొడిపొడిగానే. హెడ్మాస్టరు కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ ఆ కుర్చీ వైపు చూడకుండా వెళ్ళి ఒకటో తరగతి చివరి బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నోటు పుస్తకం తీసింది. మూడో కిటికీకి రెక్క లేదు. బోర్డు నల్లరంగు పోయి తెల్లబడింది. పంతులమ్మకి గొంతుంది, ఓపిక ఉంది, సుద్దముక్క లేదు. ఒక్కొక్కటీ రాసుకుంది. ఇవన్నీ మూడేళ్ళ కిందట వచ్చినప్పుడే రాయాల్సినవని కూడా కింద రాసుకుంది.

ముందు బెంచీలో ఉన్న మనవరాలు వెనక్కి తిరిగింది.

"నానమ్మా, నువ్వు ఇంక రోజూ వస్తావా?" అని గుసగుసగా అడిగింది.

"రోజూ రాను" అన్నది ఆవిడ, గుమ్మం దగ్గరున్న హెడ్మాస్టరుకి కూడా వినపడేలా. "కానీ ఏ రోజు వస్తానో చెప్పను."