ఇన్‌బాక్స్ అడుగున పడిపోయిన రిపోర్టు

2022 వేసవి. గూడూరులో రొయ్య పిల్లలను పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో నేను ఆఫీసు అసిస్టెంట్‌ని. రొయ్య పిల్లలను రైతులు సీడ్ అంటారు. గుంటలో వదిలే ముందు వాటిలో, గుంట మొత్తాన్నీ చంపేసే తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో మా ల్యాబు పీసీఆర్ టెస్ట్ చేసి చూస్తుంది. రిపోర్టు నా ఇన్‌బాక్స్‌కి వస్తుంది, నేను రైతుకు పంపాలి.

ఆ ఇన్‌బాక్స్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చదవనివే వేలల్లో ఉండేవి. మా మేనేజర్ ఏసీ రిపేరు నుంచి టీ పొడి దాకా ప్రతిదానికీ అందర్నీ సీసీలో పెట్టేవాడు. అంటే సంబంధం లేనివాళ్లకూ ఒక కాపీ. దానికి పదిమందీ "నోటెడ్ సర్" అని జవాబు. రికార్డు ఉండాలంటూ రైతులకు ఫోన్ చేయడం కూడా మానిపించాడు.

వాకాడు నుంచి రైతు మస్తానయ్య గారు శాంపిల్ ఇచ్చివెళ్లి, రెండో రోజు మధ్యాహ్నం నేరుగా ఆఫీసుకే వచ్చారు.

"రిపోర్టు వచ్చిందా అమ్మా? రేపు తెల్లారే సీడ్ వదలాల. ముహూర్తం పెట్టించినా."

పైనున్న పాతిక మెయిళ్లు చూశాను. కనబడలేదు. "రాలేదన్నా. ఏదన్నా ఉంటే ఈపాటికే చెప్పుంటారు. ఏం లేనట్టే," అన్నాను. అలా అనమని నాకెవరూ చెప్పలేదు. ఆయన నమ్మి వెళ్లిపోయారు.

మర్నాడు పది గంటలకు, టీ పొడి మెయిళ్ల కింద ఆ రిపోర్టు కనబడింది. ముందురోజు పొద్దునే వచ్చింది. సబ్జెక్టులో శాంపిల్ నంబరు తప్ప ఇంకేమీ లేదు. తెరిస్తే పాజిటివ్. వెంటనే ఫోన్ చేశాను.

"అన్నా, సీడ్ వదలొద్దు!"

"ఆరింటికే వదిలేసినాం గదమ్మా. నువ్వే గదా ఏం లేదన్నావు."

మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను. అతను తాపీగా స్క్రీన్ చూపించాడు. "ల్యాబువాళ్లు నీకు మెయిల్ నిన్ననే పంపినారు. టైం చూడు. మన ల్యాబు తప్పేం లేదు."

"మెయిల్ పంపితే గుంటకు తెలుస్తాదా సార్?" అని అరిచాను. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఆ క్షణాన కలగలేదు.

పక్క గుంటలకు పాకకుండా బ్లీచింగ్ చల్లి, వదిలిన పిల్లలన్నిటినీ చంపాల్సి వచ్చింది. ఆ సాయంత్రం నేను వాకాడు వెళ్లాను. గట్టు మీద మస్తానయ్య గారి ముఖం చూడలేకపోయాను.

"తిట్టన్నా," అన్నాను.

"తిడితే ఏమొస్తాది? నీ ఎదురుగానే కూచోనుంటిని గదమ్మా. ఇంకాస్త కిందికి జరిపి చూసుంటే సరిపోయుండేది."

ఆ వారమే సీసీ మెయిళ్లన్నీ వాటంతటవే వేరే ఫోల్డరులోకి పోయేలా పెట్టాను. ల్యాబు రిపోర్టుల ఫోల్డరు తెరవకుండా మరో మెయిల్ ముట్టను. సబ్జెక్టులో ముందు రైతు పేరు, ఫలితం ఉండాలని ల్యాబువాళ్లతో పోట్లాడి ఒప్పించాను. పాజిటివ్ అయితే ముందు ఫోన్, తర్వాతే మెయిల్. మేనేజర్ అడ్డుచెబితే, ఫోన్ చేయొద్దన్న మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు.

రిపోర్టు కనబడకపోతే ఇప్పుడు రైతుతో "నాకు తెలియదు, వదలొద్దు" అంటాను. మేనేజర్ మీద కోపం ఇంకా చల్లారలేదు. కానీ "తెలియదు" అన్న ముక్క ఆ మధ్యాహ్నం మస్తానయ్య గారితో అనాల్సింది నేను.