ఒక్క పంపరపనస తొన

వినాయక చవితి ఇంకా వారం ఉందనగా పొద్దున్నే ఫోన్ మోగింది. బాబాయి. "అమ్మా, మీ పిన్ని వెళ్లిపోయిందే" అన్నాడు. పాలవెల్లికి కట్టే పంపరపనస కాయలు పిన్ని పెరటి చెట్టు నుంచే వీధంతటికీ వెళ్లేవి. ఈ ఏడు పంచే మనిషి లేదు.

కడియం దగ్గర వాళ్లకో చిన్న నర్సరీ ఉంది. పిన్నికి రక్తంలో క్యాన్సర్ అని తెలిసినప్పుడు మేమంతా ఆశ వదులుకున్నాం. అదృష్టం కొద్దీ ఆ జబ్బు కోసమే చేసిన మాత్ర అప్పుడే కొత్తగా వచ్చింది. కనిపించిన కణాన్నల్లా చంపే మందు కాదది, జబ్బును నడిపించేదాన్ని పట్టుకుని ఆపేది. పిన్నికి జుట్టు రాలలేదు. కొద్ది నెలల్లోనే మళ్లీ మొక్కల మధ్య తిరగసాగింది. పలకరించడానికొచ్చి "పాపం" అన్నవాళ్లను ఊరికే కూర్చోనిచ్చేది కాదు. "పాపం తర్వాత అందురుగానీ, ముందు ఈ కుండీలు కాస్త నీడలోకి జరపండి" అనేది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో మాత్ర వేసుకుంటూ, "వెళ్లు, నీ పని చూసుకో" అని దానికి చెప్పేది. మాకు నవ్వొచ్చేది. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

తిండి విషయంలో డాక్టరు గట్టిగా వద్దన్నది ఒక్కటే, పంపరపనస. పిన్నికేమో ఆ పండంటే ప్రాణం. ఉప్పూ కారం అద్దుకుని తినడం మాకు నేర్పిందే ఆవిడ. అప్పటినుంచి మాకు తొనలు ఒలిచిపెట్టి, తను వేళ్లు వాసన చూసుకుని ఊరుకునేది.

కొన్నేళ్లకు ఆ మాత్ర పనిచేయడం మానేసింది. చుట్టాలు ఒకటే ప్రశ్న. "ఏం తిన్నావేంటి? సరిగ్గా వేసుకున్నావా?" జబ్బు తిరగబడితే జబ్బుపడ్డ మనిషినే నిలదీసే ఈ అలవాటు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బాబాయి ఎవర్నీ ఏమీ అనలేక, గొడ్డలి తీసుకుని ఆ చెట్టు మీద పడ్డాడు. పెద్ద కొమ్మ ఒకటి కూలాక పిన్ని వెళ్లి చెట్టుకి అడ్డంగా నిలబడింది.

హైదరాబాద్ ఆస్పత్రికి వాళ్లతో నేనూ వెళ్లాను. డాక్టరు గారు కాగితాలు చూస్తుండగా పిన్ని తల దించుకుని అడిగింది. "నేను ఒక్క తొన తిన్నానండి, పోయిన చవితికి. దానివల్లేనాండి?"

బాబాయి చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. అన్నాళ్లూ ఆ ఒక్క తొననీ ఆవిడ లోపల మోస్తూ ఉందని మాకెవరికీ తెలియదు.

డాక్టరు గారు బాబాయినే అడిగారు. "మీ నర్సరీలో ఎప్పుడూ ఒకటే పురుగుమందు కొడితే ఏమవుతుందండి?"

"కొన్నాళ్లకి పురుగు దానికి చావదండి. మొండికేస్తుంది."

"అది మొక్క తప్పాండి?"

"మొక్కేం చేస్తుందండీ!"

"ఇక్కడా అంతే. ఆ పండు తింటే ఒంట్లో మాత్ర జోరు పెరుగుతుంది, అందుకే వద్దన్నాం. మాత్ర చెడిపోదు. మాత్ర పట్టుకునే చోటే జబ్బు రూపు మార్చుకుంది. మీరేం తప్పు చెయ్యలేదమ్మా."

క్యాన్సర్ అని విన్నప్పుడు కూడా ఏడవని పిన్ని అప్పుడు ఏడ్చింది. బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఊరికి వెళ్లగానే కొమ్మ నరికిన చోట చెట్టుకి మందు పూశాడు.

రూపు మార్చిన జబ్బును కూడా పట్టుకునేలా చేసిన మరో మాత్ర అప్పటికింకా పరీక్షల్లో ఉంది. ఆ పరీక్షల్లో చేరతారా అని డాక్టరు గారు అడిగితే పిన్ని వెంటనే ఒప్పుకుంది. నేను భయపడితే, "పనిచేస్తే నాకు మంచిది. చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో వాళ్లకి తెలుస్తుంది కదే" అంది. మొదటి రోజు ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని, "నువ్వైనా బుద్ధిగా ఉండు" అని చెప్పింది. అది నిజంగానే బుద్ధిగా ఉంది. మాకు పిన్నిని మరికొన్నేళ్లు ఇచ్చింది. ఆ మాత్ర ఎవరు చేశారో నాకు తెలియదు గానీ, వాళ్లకు మనసులో దండం పెట్టుకోని రోజు లేదు.

ఈ ఏడాది వేసవిలో జబ్బు మళ్లీ రూపు మార్చింది. దాన్ని కూడా ఆపే మందు కోసం ఎక్కడో పని జరుగుతోందట. అది వచ్చేదాకా పిన్ని ఆగలేకపోయింది. ఈసారి మాత్రం "నేనేం చేశానో" అని అడగలేదు. నాకు మిగిలిన ఊరట అదే.

పదకొండో రోజున విస్తట్లో అన్నీ వడ్డించాక బాబాయి పెరట్లోకి వెళ్లి పండు కోసుకొచ్చాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే ఒలిచి, తొనల పక్కన ఉప్పూ కారం పెట్టాడు. "తినవే, ఇంక ఎవరూ వద్దనరు" అన్నాడు. చేతులు కడుక్కోమని నేను చెంబుతో నీళ్లు తెస్తే వద్దని తల ఊపి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.