శాంతమ్మక్క కళ్లు మూసుకుంటే

కోడలు సంగటి కెలుకుతుంటే, ఆ రాగిపిండి వాసనకు శాంతమ్మక్క గుర్తొస్తుంది.

నాకు ఆరేడేళ్లప్పుడు, సత్యవేడు దగ్గర మా ఊళ్లో అమ్మకు క్షయ పట్టింది. అంటుకుంటుందని చుట్టాలెవరూ గడప తొక్కలేదు. నాయన కూలికి పోతే, అమ్మ చచ్చిపోతుందేమోనని మంచం కోడు పట్టుకుని కూర్చునేదాన్ని. పక్కింటి శాంతమ్మక్క మాత్రం రోజూ వచ్చి, అమ్మకు తల దువ్వి, మందులు మింగించి, సంగటి చేసి, మాతోనే కూర్చుని తినేది. తినేముందు కళ్లు మూసుకునేది. సంగటి చల్లారేదాకా అట్లా ఉండాలి కాబోలనుకుని నేనూ మూసుకునేదాన్ని.

“ఏమే, కూసోనే నిద్రపోతాండావా?” అంది అమ్మ ఒకరోజు.

“సంగటి సల్లారద్దా మా?”

అక్క పకపకా నవ్వింది. “దానికి కాదే పిచ్చిదానా! మీయమ్మను లేపు సామీ అని యేసయ్యను అడుగుతాండా.”

అమ్మ నవ్వలేదు. “నాకోసరమా? దినామూనా అక్కా?” అని, తనూ మెల్లగా కళ్లు మూసుకుంది.

కొన్ని నెలలకు అమ్మ కోలుకుని లేచింది. తర్వాత మైకుల్లో యేసయ్య గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో! అక్క మాత్రం మమ్మల్ని చర్చికి రమ్మని ఒక్కనాడూ అనలేదు. అయినా ఎదురింటి ముసలామె జ్వరంతో పడిపోయిన నాడు, ఎవరూ చెప్పకుండానే అమ్మ గంజి కాచుకుని వాళ్లింటికి పోయింది.