పది గోల్స్‌ను విడదీసి చూపిన సారు

మా అర్థశాస్త్రం సారు పోయారన్న వార్త పోయిన నెల ఆలూరులో మా నాన్న అంగడికి వచ్చింది. కమలాపురం రైల్వే స్టేషన్లో పనిచేసే మా పాత సహాధ్యాయి ఒకడు గుంతకల్లు బస్సు డ్రైవరుతో కబురు పంపాడు. దహనం అప్పటికే అయిపోయింది. నేను సైకిలెక్కి పక్క పల్లెకు, మద్దిలేటి దగ్గరికి పోయాను. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో నేను గోల్‌కీపరును, వాడు సెంటర్ ఫార్వర్డు. వాడు కొర్రచేను గట్టుమీద కుంటుకుంటూ నడుస్తున్నాడు. విన్నాడు. "ఎట్ల పోయినాడంట?" అని అడిగాడు. గొంతు జబ్బని చెప్పాను. "పోదాం పా" అన్నాడు.

కర్నూలు కాలేజీలో ఆయన దగ్గర చదివినవాళ్లలో చాలామంది ఆయన్ని కఠినుడనే చెప్తారు. అది అబద్ధం కాదు. పొద్దున తరగతిలో దేశాల ఆదాయాలూ జనాభాలూ చెప్పేవారు. సాయంత్రం ఫుట్‌బాల్ మైదానానికి వచ్చి నా గోలు వెనక నిలబడేవారు. ఆయన ఒక్కసారి కూడా బంతిని తన్నగా మేం చూడలేదు. ఆట అయిపోయాక చిన్న కట్టెపుల్లతో నేలమీద మైదానం పటం గీసి, మేం బంతి పోగొట్టుకున్న చోటల్లా ఒక చుక్క పెట్టేవారు. "ఓడినాం అని చెప్పొద్దప్పా. యాడ ఓడినామో చెప్పు" అనేవారు. ఓడి, ఒళ్లంతా దుమ్ముతో కూర్చున్నవాళ్లకు ఆ చుక్కలు చూడటం ఎంత కష్టంగా ఉండేదో ఆయనకు పట్టేది కాదు.

హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనకు పది గోల్స్ కొట్టిందని పేపర్లో వచ్చిన రోజు మాలో సగంమంది భోజనానికి పోలేదు. చలి ఎక్కువ కాబట్టి ఓడామని ఒకడు, మనవాళ్లు ఒట్టికాళ్లతో ఆడారు కాబట్టి అని ఇంకొకడు. సారు విని నల్లబల్ల మీద పది గీతలు గీశారు.

"చలికి రెండు ఇస్తా. బూట్లు లేనందుకు మూడు" అని అయిదు గీతలు తుడిచేశారు. "ఈ అయిదూ ఎవురివి? అట్లాటోళ్లతో మనం ఏడాదికి ఎన్ని ఆటలు ఆడతాండాం? మన పిల్లోళ్లు ఏం తింటాండారు? అది చెప్పండి."

"తరగతిలో జనం ఎక్కువుంటే చాలంటిరి కద సార్? మరి ఉరుగ్వే అంత చిన్న దేశం, ప్రపంచ కప్పు యెట్ల గెలిచె?" అని మద్దిలేటి అడిగాడు.

"చాలని యాడ చెప్పినా? దాని పక్కన రెండు పెద్ద దేశాలుండాయి. వాటితో ఊకే ఆడి ఆడి నేర్చుకున్నాది. మనకు జనం ఉండారు, తిండి లేదు, ఆట లేదు. మూడింట్లో ఒకటుంటే ఏం జేసుకుంటావు?"

అవి కరువు రోజులు. మద్దిలేటి ఊళ్లో గంజికేంద్రం పెట్టారు. వాడు హాస్టల్లో లేడు, దూరపు చుట్టాల ఇంట్లో ఉండి, వాళ్లు పెట్టినపూట తినేవాడు. అయినా బంతి వాడి కాలికి తగిలిందంటే మైదానం చుట్టూ ఉన్నవాళ్లంతా లేచి నిలబడేవాళ్లు. మద్రాసులో రాష్ట్ర జట్టు ఎంపిక ఆటలకు వాడికి పిలుపొచ్చినప్పుడు కాలేజీ అంతా పండగయింది. హోటల్లో అందరం టీ తాగుతుంటే సారు లోపలికి వచ్చారు.

"పోవద్దు మద్దిలేటీ. నిన్ను తీసుకోరు."

"ఏం సార్, నేను బాగ ఆడనా?"

"మొదటి సగంలో నీయంత వాడు ఈ జిల్లాలో లేడు. రెండో సగంలో నువ్వు ఆటలోనే ఉండవు. చుక్కలు సూసినా. నీ చుక్కలన్నీ ఇంటర్వెల్ తర్వాతవే. అది నీ తప్పు కాదు, నీ కడుపుది. ఆడ బూట్లేసుకొని ఆడమంటారు. బూట్లతో ఒక్క ఆటన్నా ఆడినావా?"

మద్దిలేటి టీ గ్లాసు కింద పెట్టి బయటికి పోయాడు. ఆ మాట వాడితో విడిగా చెప్పొచ్చు కదా అని నేను అడిగాను. "విడిగా చెప్తే మీరంతా కలిసి వాణ్ణి రైలెక్కిస్తారు" అన్నారు. అయినా మేం ఎక్కించాం.

మద్రాసులో ఎవరివో బూట్లు ఇచ్చారట, వాడి కాళ్లకు వదులు. మొదటి సగంలో రెండు గోల్స్ కొట్టాడు. తర్వాత మలుపు తిరగబోతే బూటు నేలలో దిగబడింది. ఒళ్లు తిరిగింది, మోకాలు తిరగలేదు. కర్నూలు ఆసుపత్రిలో కాలికి సిమెంటు కట్టుతో పడుకుని ఉంటే సారు వచ్చి మంచం కాళ్లవైపు నిలబడ్డారు. ఎట్లుందని అడగలేదు.

"ఇంటర్వెల్ ముందరనా, తర్వాతనా?"

"తర్వాత సార్."

తల ఊపి వెళ్లిపోయారు. మద్దిలేటి తల్లి ఆయన పోయిన వైపు చూసి చేతులెత్తి శపించింది. ఆరోజు నాకూ ఆమె చేసింది సరే అనిపించింది.

మర్నాడు ఆయన ప్రిన్సిపాల్ గదికి పోయి, బల్లమీద కాగితం పరిచి, ఆ ఏడాది మేం తిన్న గోల్స్ గుర్తుపెట్టి చూపించారని తర్వాత తెలిసింది. అవి దాదాపు అన్నీ ఇంటర్వెల్ తర్వాతవే. ఆటగాళ్లకు తిండి పెట్టమని అంతకుముందు రెండుసార్లు అడిగితే కాదన్న ప్రిన్సిపాలు, ఒక పిల్లవాడి కాలు పోయాక ఒప్పుకున్నాడు. ఆ వారం నుంచి ఆడేవాళ్లందరికీ ఆటకు ముందు వేరుశనగలూ బెల్లమూ, ఆట తర్వాత హాస్టల్లో అన్నమూ పెట్టారు. మరుసటి ఏడు రెండో సగంలో నా గోలులోకి బంతి రావడమే అరుదైంది. ఆ బెల్లం మద్దిలేటి మోకాలు పెట్టి కొన్నది. మేం తిని గెలిచాం.

చదువు ముగించి నేను మా అంగడికి, వాడు వాళ్ల చేనుకు చేరుకున్నాం. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనదేశం నాలుగో స్థానంలో వచ్చినప్పుడు ఇద్దరం కర్నూలు పోయి సారును కలిశాం. ఆయన లెక్క తప్పిందని చెప్పి ఒకసారి నవ్వాలని నా కోరిక.

"మొదటి ఆట ఆడకుండానే గెలిచినాం, అవతలోళ్లు రాలేదు" అన్నారు సారు. "అది పక్కన పెట్టు. యుగోస్లావియాతో మళ్లీ ఆడినాం సూడు. ఆ పొద్దు పది తిన్న్యాం, ఈ పొద్దు నాలుగు. ఆరు తగ్గినాయి. మనుషులు మారలేదప్పా, అదే మన్ను. బూట్లు వచ్చినాయి, ఆటలు ఆడించినారు, అంతే." ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

మద్దిలేటి కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. "అయితే సార్, నాకు గూడా తిండి పెట్టి, బూట్లిచ్చి నేర్పించింటే?"

వాడు ఇన్నేళ్లూ తనలోనే ఏదో తక్కువుందని సమాధానపడి బతికాడు. సారు ఒక చిన్న అబద్ధం చెప్తే సరిపోయేది. ఆయన వాడి కళ్లలోకి చూశారు.

"ఆడింటావు. మెల్‌బోర్న్‌లో ఆడింటావు."

మద్దిలేటి లేచాడు. తర్వాత సారు పేరు నా దగ్గర ఎత్తలేదు.

సారు పదవీ విరమణ చేసి సొంతూరు కమలాపురం చేరారు. పోయిన నెల మేం అక్కడికి పోయేసరికి సారు భార్య అరుగుమీద కూర్చుని ఉన్నారు. కడపలో పెద్ద డాక్టరు చేతులెత్తేశాడని, చివరి నెల మంచినీళ్లు కూడా దిగలేదని, మనిషి పుల్లయిపోయాడని చెప్పారు. అందరి ఆకలినీ లెక్కగట్టిన మనిషికి అట్లాంటి చావు రావడం నాకిప్పటికీ మింగుడుపడదు. నాకు తెలిసిన పెద్దల్లో మాతో ఎన్నడూ అబద్ధమాడనివాడు ఆయనొక్కడే. అది ఎంత అరుదో అంగట్లో కూర్చున్నాకే నాకు తెలిసింది.

"అమ్మా, సారు నా గురించి ఏమన్నా చెప్పినాడా?" అని అడిగాడు మద్దిలేటి.

"లేదు నాయనా. ఆఖర్న మాటే రాలేదు" అన్నారామె.

వాడు దండం పెట్టాడు. సాయంత్రం గుంతకల్లు పాసింజరు ఎక్కాం. మూడో తరగతి పెట్టె కిక్కిరిసి ఉంది. వాడి కాలు మడవడానికి రాదు, దారికి అడ్డంగా చాపుకున్నాడు. తీయమని ఒకాయన కసిరితే, "వంగదప్పా, దాటుకొని పో" అన్నాడు. ఎర్రగుంట్లలో, ముద్దనూరులో, తాడిపత్రిలో ఎక్కినవాళ్లు ఎక్కుతూ, దిగినవాళ్లు దిగుతూ, గంపలూ పిల్లలూ ఎత్తుకుని ఒక్కొక్కరే ఆ కాలును దాటుకుంటూ పోయారు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.