మంచులో ట్రాక్టరు వేసుకొచ్చిన లొరేన్

పద్మిని నార్త్ కరోలినాలోని ఆ చిన్న ఊరికి కాపురానికొచ్చి ముప్ఫై ఏడేళ్ళయింది. ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోపు మీద వంగి వంగి, మెడనొప్పి తెచ్చుకుని రిటైరైంది. భర్త రాధాకృష్ణ అదే ఆసుపత్రిలో డాక్టరుగా చేశాడు. 2008 వేసవిలో కూతురు మృదుల అల్ఫారెట్టా నుంచి వచ్చి, తన తొమ్మిదేళ్ళ పాప స్మృతిని కొన్నాళ్ళు వాళ్ళ దగ్గర వదిలి వెళ్ళింది.

ఊరి చివర నది ఒడ్డున ఏటా వేసవిలో ఒక నాటకం ఆడతారు. ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చి ఆ దరిన దిగినవాళ్ళ కథ. పైకప్పు లేదు, చెక్క బల్లలే సీట్లు. గవర్నరు వేషం పోస్టాఫీసు ఆయనది. "ఆ బల్లల మీద నా మోకాళ్ళు ఊరుకోవు, మీరెళ్ళి రండి" అన్నాడు రాధాకృష్ణ. పద్మిని మనవరాలి చేతులకూ కాళ్ళకూ దోమల మందు పూసి, పులిహోర డబ్బాలో పెట్టుకుని బయల్దేరింది.

మొదట్లో స్మృతి విసుక్కుంది. ఓడ తెరచాప కిందికి దిగేసరికి నోరెళ్ళబెట్టింది. కథలో ఓడ దిగినవాళ్ళ తిండిగింజలు అయిపోయాయి. చలికాలం వచ్చింది. ఒక గుడిసెలో ఎవరికో పురుడొచ్చింది. ఆ నేల మీద ముందునుంచీ ఉన్నవాళ్ళు మొక్కజొన్న తెచ్చి గుమ్మంలో పెట్టారు.

స్మృతి అమ్మమ్మ చెవిలో గుసగుసలాడింది. "అమ్మమ్మా, ఆ బేబీకి గ్రాండ్‌మా లేదా?"

"ఉంది తల్లీ. సముద్రానికి అవతల."

"మరి కార్న్ ఇచ్చారు కదా, వాళ్ళకి థాంక్స్ చెప్పారా?"

"సరిగ్గా చెప్పలేదమ్మా. తర్వాత వాళ్ళ నేల కూడా తీసేసుకున్నారు."

"దట్స్ మీన్" అంది స్మృతి. నాటకం అయ్యాక కారెక్కుతూ మళ్ళీ అడిగింది. "మా అమ్మ పుట్టినప్పుడు నీకు ఎవరు హెల్ప్ చేశారు?"

పద్మిని తాళం చెవి చేతిలోనే పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఊరికొచ్చిన మొదటి చలికాలం. మోకాలి లోతు మంచు పడింది. రాధాకృష్ణ డ్యూటీకి వెళ్ళి ఆసుపత్రిలోనే చిక్కుకుపోయాడు. పద్మినికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు రావడానికి దారి లేదన్నారు. అప్పటికి పక్క పొలం లొరేన్‌తో ఆమెకున్న పరిచయమంతా చెయ్యి ఊపుకోవడమే. గత్యంతరం లేక ఫోన్ చేస్తే, లొరేన్ ట్రాక్టరు వేసుకొచ్చింది. పద్మినిని దుప్పట్లలో చుట్టి పక్కన కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా చర్చి పాటలు పాడుతూ ఆసుపత్రికి చేర్చింది. ఇంటికొచ్చాక రోజూ వచ్చి బాలింతకు వేడినీళ్ళు కాచింది. పద్మిని మాంసం ముట్టదని తెలిసి, పప్పు వండడం ఆమె దగ్గరే నేర్చుకుని ఆమెకే వండిపెట్టింది. మొదటిరోజు పప్పులో చక్కెర వేసింది. పద్మిని మాట్లాడకుండా తినేసింది.

"అంత రుచైన పప్పు మళ్ళీ తినలేదే" అంది పద్మిని, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆవిడ ఇప్పుడు ఎక్కడ? నేను థాంక్స్ చెప్పాలి."

లొరేన్ వృద్ధాశ్రమంలో ఉంది. ఎనభై ఏడేళ్ళు. పద్మిని ప్రతి ఆదివారం వెళ్ళి చూసి వస్తూనే ఉంది. మర్నాడు స్మృతిని తీసుకెళ్ళింది. పిల్ల చక్రాల కుర్చీ ముందు నిలబడి, "మా అమ్మని సేఫ్‌గా తెచ్చినందుకు థాంక్యూ" అని ఇంగ్లీషులో అప్పజెప్పింది.

లొరేన్ నవ్వింది. "నేనేం చేశానమ్మా, కష్టమంతా మీ అమ్మమ్మది, ట్రాక్టరుది. నాటకం చూశావటగా, ఎలా ఉంది?"

ఇంకేం, స్మృతి అక్కడే అంతా ఆడి చూపించింది. ఒకసారి ఓడ అయింది, ఒకసారి గవర్నరైంది, దిండు ఎత్తుకుని బాలింతైంది. మొక్కజొన్న తెచ్చినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, నాటకంలో లేని మాట ఒకటి కలిపి వాళ్ళకు గట్టిగా థాంక్స్ చెప్పింది. పక్క గదులవాళ్ళు కూడా గుమ్మం దగ్గర చేరి చప్పట్లు కొట్టారు.

"నన్నూ ఒకసారి తీసుకెళ్ళు, ప్యాడీ" అంది లొరేన్. ఇన్నేళ్ళుగా పద్మినిని ఆమె పిలిచే పేరు అదే. ఇప్పటిదాకా తనకోసం ఏదీ అడిగి ఎరగదు.

ఆ శనివారం నలుగురూ వెళ్ళారు. మోకాళ్ళ సంగతి మరిచిపోయి రాధాకృష్ణ కుర్చీ తోశాడు. ఆడవాళ్ళ టోపీల రిబ్బన్లు తప్పుగా కుట్టారని లొరేన్ నాటకం మధ్యలో పైకే అనేసింది. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. స్మృతి కిసుక్కున నవ్వింది. పద్మిని లొరేన్ ఒళ్ళో శాలువా సర్ది, పులిహోర డబ్బా మూత తీసి ఆమె చేతికిచ్చింది.