నా పక్కన టీచరమ్మ

మా సండే స్కూల్ టీచరమ్మ పోయారన్న కబురు నాకు దూలపల్లిలో, నేను పనిచేసే మందుల కంపెనీ క్యాంటీన్లో, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది మా పాస్టరమ్మ. "పొద్దున చాయ్ తాగి కూసున్నదట. గట్లనే ఒరిగిపోయిందట బిడ్డా," అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు భయం వచ్చింది. రెండు వారాల్లో చర్చి పిల్లల్ని అడవికి తీసుకుపోవాలి. అనుమతి కూడా వచ్చేసింది. అందులో బాధ్యులుగా ఇద్దరి పేర్లున్నాయి, ఒకటి ఆమెది, రెండోది నాది. వెనకున్నవాళ్ళు నన్ను దాటుకుని ముందుకు పోయారు.

పోయిన మనిషిని తలుచుకుంటూ నా భయం సంగతి చెప్పుకోవడం బాగుండదేమో. కానీ ఆమెకూ నాకూ చుట్టరికం కలిపింది ఆ భయమే. నేను బల్లిని చూస్తే మంచం ఎక్కే రకం. చిన్నప్పుడు సండే స్కూల్లో బైబిలు వాక్యం అప్పజెప్పమంటే బెంచీ కిందికి దూరేదాన్ని. టీచరమ్మ వంగి చూసి, "ఆడికెళ్లే చెప్పు, నాకు ఇనవడ్తది," అనేవారు. అలా బెంచీ కింద నుంచే చాలా వాక్యాలు నేర్చుకున్నాను. పెద్దయ్యాక నన్నే తనకు తోడుగా పెట్టుకున్నారు. ధైర్యవంతులు బోలెడంతమంది ఉండగా నన్నే ఎందుకు ఎంచుకున్నారో చాలాకాలం అర్థం కాలేదు.

మాది జవహర్‌నగర్. చెత్తగుట్ట వైపు నుంచి గాలి వీస్తే కిటికీలు మూసుకుంటాం, వీయకపోయినా మూసే ఉంచుతాం. ఏటా ఎండలు ముదరకముందు టీచరమ్మ పిల్లల్ని శామీర్‌పేట దారిలో ఉన్న రిజర్వు ఫారెస్టుకు తీసుకుపోయేవారు. అడవికి పోవడమంటే మావాళ్ళకు రాళ్ళపొయ్యి, అక్కడే కోసిన కోడి, చెవులు చిల్లులు పడే స్పీకరు. టీచరమ్మతో అవేవీ కుదరవు. గేటు దగ్గరి బోర్డును పిల్లలచేత వాక్యం చదివించినట్టు గట్టిగా చదివించేవారు. నిప్పు వెలిగించరాదు. కోతులకు తిండి పెట్టరాదు. తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపోవాలి. చీకటి పడకముందే బయటికి రావాలి. రాత్రి బస చేయరాదు.

ఒక ఏడు చర్చి యూత్ వాళ్ళు గుడారాలు తెస్తాం, ఒక్క రాత్రి ఉందామని పట్టుబట్టారు. "అడవోళ్ళు ఉండనియ్యరు. ఉండనిచ్చినా నేనుండ. చీకట్ల పిల్లల మొఖాలు నాకు కనవడవు," అన్నారు. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇంటి నుంచి తెచ్చిన చల్లారిన పులిహోర తింటూ కాసేపు గొణుక్కున్నారు, అంతే.

బోర్డు మీద లేని నియమం ఒకటి ఆమె సొంతం. పిల్లలు జంటలుగా ఉండాలి. బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర ఎవరూ తమ పేరు చెప్పకూడదు, పక్కనున్నవాళ్ళ పేరు చెప్పాలి. "నా పక్కన గ్రేసీ." "నా పక్కన సామి." చివరి జంట మేమిద్దరం. "నా పక్కన టీచరమ్మ," అనేదాన్ని నేను. "నా పక్కన మా పిరికి పిల్ల," అనేవారు ఆమె. పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. అంతసేపూ ఆమె ముఖం అడవి వైపే ఉండేది. అందరూ దాటాక తాను వెనక్కి వెనక్కి నడుస్తూ గేటు దాటేవారు. "ఎన్కకెళ్లి అడవి మీద పడ్తదా టీచరమ్మా?" అని ఒకసారి ఎగతాళి చేశాను. నవ్వి ఊరుకున్నారు.

రెండేళ్ళ కిందటి సంగతి. మోదుగలు పూసి ఉన్నాయి, గడ్డి ఎండిపోయి ఉంది. తిండి ముగించి తిరిగి వస్తున్నాం. కార్లలో వచ్చిన కుర్రాళ్ళు కొందరు అవతల రాళ్ళ మధ్య బొగ్గులు రాజేసి కోడి కాలుస్తున్నారని మాకు తెలియదు. పొగ వాసన వచ్చింది. చెత్తగుట్ట పక్కన బతికేవాళ్ళం, పొగ మాకు కొత్తా? పిల్లలూ నేనూ హాయిగా నడుస్తూనే ఉన్నాం. టీచరమ్మ ఒక్కరే ఆగిపోయారు. "గిది మన దిక్కు వాసన గాదు. ఉరుకుండ్రి!" అన్నారు.

చెట్ల వెనక గడ్డి అంటుకుంది. పడుతూ లేస్తూ గేటు దగ్గరికి చేరాం. అంత హడావుడిలోనూ ఆమె జంటల్ని పలికించారు. గ్రేసీ జంట సామి వంతు వచ్చింది. వాడు తన ఖాళీ చెయ్యి చూసుకుని, "నా పక్కన ఎవ్వరు లేరు," అన్నాడు.

టీచరమ్మ కొంగు నడుముకు చుట్టి, "వీళ్లను పట్టుకో. ఒక్కర్ని గూడ కదలనియ్యకు," అని లోపలికి పోయారు. తెల్లచీర పొగలో కాసేపు కనబడింది, తర్వాత కనబడలేదు. గేటు దగ్గరి గార్డు మంటను కొట్టడానికి పచ్చికొమ్మలు విరుచుకుని అటే పరిగెత్తాడు. నేను ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు మరచిపోయి, మళ్ళీ మొదటికొచ్చాను. ఎంతసేపైందో తెలియదు. ముందు దగ్గు వినబడింది. తర్వాత టీచరమ్మా, గ్రేసీ కనబడ్డారు. గ్రేసీ గుప్పిట్లో నలిగిన చిప్సు ప్యాకెట్టు ఉంది. తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపోవాలి కదా, మరిచిపోయిన ఆ ఖాళీ ప్యాకెట్టు కోసం వెనక్కి పోయిందట.

పిల్లను ఎవరినీ తిట్టనివ్వలేదు టీచరమ్మ. "సదివిచ్చింది నేనే గద," అన్నారు. ఆ తర్వాత నుంచి బోర్డు చదివించాక తన మాట ఒకటి కలిపేవారు. "సామాను మర్చిపోతే పోనీ. మనిషిని మర్చిపోవద్దు."

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్తే ఆమె చేతిలోని గ్లాసులో చాయ్ తాగకుండానే చల్లారిపోయి ఉంది. "నీకొక్కదానికే భయమనుకుంటున్నవా? నాకు పోయినప్పుడల్ల భయమే. అడవికి ఈపు పెడ్తె ఎవరో లోపల్నే ఉండిపోయినట్లు అనిపిస్తది," అన్నారు. నన్నే ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు తెలిసింది. "మరి ఎందుకు పోవుడు టీచరమ్మా? బంద్ చేద్దం," అన్నాను. గ్లాసు కింద పెట్టి, "వీళ్లు గాలంటే గిదే అనుకుంటున్నరు. వాసన లేని గాలి ఉంటదని ఎవరన్న సూపియ్యాలె గద బిడ్డా," అన్నారు. మరుసటేడు మళ్ళీ తీసుకుపోయారు.

ఖననం ఆ సాయంత్రం సమాధుల తోటలో జరిగింది. మట్టి వేశాక పాస్టరమ్మ నా పక్కకొచ్చి, "ఈసారికి అడవి ఆపేద్దమా?" అని మెల్లగా అడిగింది. నిజం చెప్పాలంటే ఆ మాట ఎవరంటారా అనే చూస్తున్నాను. సరే అనబోతుంటే కాపలా మనిషి, "జల్ది రాండ్రి, గేటు మూయాలె," అని కేకేశాడు.

గేటు దగ్గర పిల్లలు ఎవరూ చెప్పకుండానే జంటలుగా నిలబడ్డారు. "నా పక్కన గ్రేసీ," అని సామి మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే పలుకుతూ వచ్చారు. చివరికి అందరూ నా వైపు చూశారు. "నా పక్కన టీచరమ్మ," అన్నాను. అలవాటు కొద్దీ ఆమె మాట కోసం ఆగాను. ఒక మనిషిని లోపల వదిలేసి గేటు దాటడం ఆమె మాకు నేర్పలేదు.

పిల్లలంతా దాటేదాకా సమాధుల వైపే చూస్తూ నిలబడ్డాను. తర్వాత వెనక్కి వెనక్కి నడిచాను. కొత్త మట్టీ, దాని మీది బంతిపూలూ దూరమవుతున్నాయి. మడమ గేటు కడ్డీకి తగిలి తూలాను. వెనక నుంచి ఒక చిన్న చెయ్యి నా చున్నీ గట్టిగా పట్టుకుంది.

"నా పక్కన మా పిరికి టీచర్," అంది గ్రేసీ.

ఎవరూ నవ్వలేదు. "అడవికి పోదాం," అన్నాను పాస్టరమ్మతో. నా ముఖం ఇంకా లోపలి వైపే ఉంది.